బిస్మిల్లా అన్నాక ఏం పని చేస్తున్నామో

మా తమ్ముడి పెళ్లి కార్డు ప్రూఫు చూడ్డానికి ప్రింటింగ్ ప్రెస్‌కి వెళ్తే అక్కడి కుర్రాడు మొట్టమొదట అడిగింది "అన్నా, పైన 786 వేయాలా, నెలవంక వేయాలా, లేకపోతే అరబ్బీలో ఆ లైన్ ఉంటది కదా అది వేయాలా?" అని. వాడి కంప్యూటర్లో అన్నీ రెడీగా ఉన్నాయి, వినాయకుడి బొమ్మలు ఒక ఫోల్డరు, శిలువలు ఒక ఫోల్డరు, మావి ఒక ఫోల్డరు. నేను నోరు తెరిచేలోపు మా చిన్నాయన "786 వెయ్యి నాయనా, మా నాయన కాలం నుంచి అదే" అన్నాడు, గల్ఫ్‌లో చాన్నాళ్లు చేసొచ్చిన మా బావేమో "అక్కడ అరబ్బులకి 786 అంటే ఏందో కూడా తెలీదు మామా, అది మనోళ్లు పెట్టుకున్న నంబరు" అని అందుకున్నాడు, ఇక చూడాలి, ప్రెస్‌లో ఫ్యాన్ కింద నిలబడి ఇద్దరూ అరగంట. కుర్రాడు మౌస్ పట్టుకుని అటు ఇటు చూస్తన్నాడు పాపం.

నిజానికి ఇద్దరి మాటల్లోనూ విషయం ఉంది. అరబిక్ అక్షరాలకి ఒక్కోదానికి ఒక్కో విలువ ఉంటది, అలిఫ్ 1, బా 2, సీన్ 60, మీమ్ 40 అట్లా, ఆ పద్ధతిని అబ్జద్ అంటారు, పాతకాలంలో కవులు భవనం కట్టిన సంవత్సరం పద్యంలో దాచడానికి కూడా ఇదే వాడేవాళ్లు. మేం ఏ పనికైనా ముందు అల్లాహ్ పేరు తలుస్తూ అనే మాట బిస్మిల్లా, దాని పూర్తి వాక్యం బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్ అని అరబిక్‌లో రాస్తే వచ్చే అక్షరాలు 19. బిస్మ్‌కి 102, అల్లాహ్‌కి 66, అర్రహ్మాన్‌కి 329, అర్రహీమ్‌కి 289, మొత్తం కూడితే 786. అంతే, అంతకుమించి అందులో ఏ రహస్యమూ లేదు. మరి ఎందుకు వాడటం మొదలైందంటే, ఉత్తరమో చీటీయో పెళ్లి కార్డో రేపు చిరిగిపోయి చెత్తలో పడొచ్చు, ఎవరో కాలు వేయొచ్చు, అల్లాహ్ పేరు అక్కడ పడకూడదని అంకె రాశారు. అంటే మొదట్లో అది మర్యాద కోసం పెట్టుకున్నది. మన దేశం, పాకిస్తాన్, బంగ్లాదేశ్, బర్మా వరకే ఈ అలవాటు, బర్మాలో షాపుల మీద 786 అని ఉంటే దానికి పోటీగా అక్కడి బౌద్ధ సన్యాసులు 969 అని ఒక ఉద్యమమే నడిపారు, అదొక వేరే కథ, మంచి కథ కాదు.

నాకు ఎక్కడ తేడా కొడుతుందంటే, మర్యాదగా మొదలైంది మెల్లగా లక్కీ నంబరు అయి కూర్చుంది. ఆటో వెనకాల 786, బండి నంబరులో 786 కావాలని ఆర్టీఏలో ఫ్యాన్సీ నంబరుకి డబ్బులు కట్టడం, పది రూపాయల నోటు మీద చివర్లో 786 వస్తే పర్సులోంచి తియ్యకపోవడం, ఆ నోట్లు ఆన్‌లైన్లో వేలల్లో అమ్మకానికి పెట్టడం. నోట్లో అనాల్సిన మాట జేబులో పెట్టుకునే నంబరు అయిపోయింది. చాలామంది ఉలమా (మత పండితులు) కూడా ఇదే చెప్తారు, 786 రాస్తే బిస్మిల్లా రాసినట్టు కాదు అని. చివరికి కార్డు మీద మేం తెలుగులోనే వేయించాం, "అనంత కరుణామయుడు, అపార కృపాశీలుడు అయిన అల్లాహ్ పేరుతో" అని, తెలుగు ఖురాన్ చదివినోళ్లకి తెలిసిన వాక్యమే అది. చిన్నాయన రెండు రోజులు అలిగాడు. అది సరే.

ఆ గొడవైన దగ్గర్నుంచి దీని గురించి రాయాలనిపిస్తోంది, ఎందుకంటే మా ఆఫీసులో ఫ్రెండ్స్ కూడా అప్పుడప్పుడు అడుగుతుంటారు, అది మీ శుభారంభం మాటా, మేము ఏ పనికైనా ముందు వినాయకుడిని తలుచుకున్నట్టా అని. కొంతవరకు అవును. కానీ నాకు అర్థమైనంతలో అది శుభం కలగాలని అనే మాట కంటే ఎక్కువగా, చెయ్యబోయే పని మీద మనకి మనమే పెట్టుకునే షరతు.

ఎట్లాగంటే, బిస్మిల్లా అంటే "అల్లాహ్ పేరుతో". సరే, అల్లాహ్ పేరుతో ఏంటి? వాక్యం అక్కడితో ఆగిపోతుంది, క్రియ లేదు. ఇది నాకు చిన్నప్పుడు మసీదులో సిపారా (ఖురాన్‌లో ఒక భాగం) చదివేటప్పుడు తట్టనే లేదు, పెద్దయ్యాక మా హజ్రత్ గారు (మసీదులో చదువు చెప్పే పెద్దాయన) ఒక జుమా, అంటే శుక్రవారం నమాజు తర్వాత కూర్చోబెట్టి చెప్పారు. జమఖ్షరీ అని 12వ శతాబ్దం వాడు, అరబిక్ వ్యాకరణంలో పెద్ద తలకాయ, ఆయన ఏమంటాడంటే ఆ లేని క్రియ నువ్వు చెయ్యబోయే పనే, చదవబోయేవాడు అంటే "అల్లాహ్ పేరుతో చదువుతున్నా", ప్రయాణం బయల్దేరేవాడు అంటే "అల్లాహ్ పేరుతో బయల్దేరుతున్నా", ఆ క్రియని వాక్యం చివర్లో ఉన్నట్టు అనుకోవాలి, ముందు ఆయన పేరు, ఆ తర్వాతే నీ పని. అరబిక్‌లో క్రియ ముందు రావడం మామూలు కాబట్టి వాళ్లకి ఇది ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చింది, మన తెలుగులో క్రియ ఎలాగూ చివరే కాబట్టి మనకి అసలు కష్టమే లేదు.

ఇప్పుడు చూడండి, ఆ ఖాళీలో ఏ పని పెట్టినా కుదురుతుందా? తింటున్నా, రాస్తున్నా, బండి స్టార్ట్ చేస్తున్నా, సూది ఎక్కిస్తున్నా, అన్నీ కుదురుతాయి. తూకంలో కొట్టేస్తున్నా? కుదరదు. హరామ్ (మతం వద్దన్న) పనికి ముందు బిస్మిల్లా అనడం ఆ పని కాకుండా ఇంకో పాపం అని ఫిఖహ్ (ధర్మశాస్త్రం) పుస్తకాల్లోనే ఉంది, మందు గ్లాసు ఎత్తి ఎగతాళిగా బిస్మిల్లా అన్నవాడి గురించి హనఫీ (సున్నీ ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో ఒకటి) పండితులు చాలా గట్టి మాటలే రాశారు. నేను ఒకసారి ఒక ఆఫీసులో (ఏ ఆఫీసో అడక్కండి) ఫైలు కోసం నిలబడితే నా ముందున్న పెద్దమనిషి కవరు ఇచ్చాడు, కుర్చీలో ఉన్న మావాడు, అవును మావాడే, గడ్డం ఉంది, నుదుటిమీద నమాజు మచ్చ ఉంది, సొరుగు లాగుతూ అలవాటుగా "బిస్మిల్లా" అని కవరు లోపలేశాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. వాడికి ఆ మాట నోట్లోంచి ఊపిరిలాగా వచ్చేసింది, దానికో అర్థం ఉందన్న సంగతి కూడా గుర్తులేదు.

రహ్మాన్, రహీమ్ గురించి పెద్దగా రాయను, రెండూ కరుణకి సంబంధించిన పేర్లే, ఒకటి అందరి మీదా కురిసే విశాలమైన కరుణ అని, ఇంకోటి ఎప్పటికీ తెగని కరుణ అని తఫ్సీరు (ఖురాన్ వ్యాఖ్యానం) రాసినవాళ్లు రకరకాలుగా విడదీస్తారు. ఒక్కటి మాత్రం చెప్పాలి, అల్లాహ్‌కి 99 పేర్లు అంటారు కదా, అందులో బలవంతుడు, శిక్షించేవాడు, రాజు లాంటివి కూడా ఉన్నాయి, కానీ మొదలుపెట్టేటప్పుడు తీసుకున్నవి ఈ రెండే. టీవీ డిబేట్లు చూసి ఇస్లాం అంటే భయపెట్టే దేవుడు అనుకునే ఫ్రెండ్స్‌కి నేను ఇంతకంటే ఎక్కువ వాదన చెప్పను.

ఇక ఖురాన్‌లో ఇది ఎక్కడెక్కడ ఉంది అంటే, మొత్తం 114 సూరాలు (అధ్యాయాలు), వాటిలో 113 సూరాలకి పైన బిస్మిల్లా ఉంటది, ఒక్క తొమ్మిదోది, సూరె తౌబాకి ఉండదు. ఎందుకు లేదు అన్నదానికి రెండు మాటలు చెప్తారు. ఒకటి, ఒప్పందాలు తప్పిన వాళ్లకి ఇక మీతో ఒడంబడిక చెల్లు అని చెప్పే ప్రకటనతో ఆ సూరా మొదలవుతుంది, బిస్మిల్లా అంటే అభయం, అభయం ఇస్తూ యుద్ధం ప్రకటించలేం కదా అని. రెండోది, దానికి ముందున్న అన్‌ఫాల్ సూరా, ఇదీ విషయంలో దగ్గరగా ఉంటాయి, ఇది విడి సూరానా కాదా అని ప్రవక్త (స) స్పష్టంగా చెప్పకముందే కన్నుమూశారు కాబట్టి ఖలీఫా ఉస్మాన్ (ర) కాలంలో ప్రతులు రాయించినప్పుడు మధ్యలో బిస్మిల్లా రాయకుండా పక్కపక్కన ఉంచారని. నాకు ఈ రెండోది ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే అందులో మనుషుల జాగ్రత్త కనిపిస్తుంది, తెలియనిచోట సొంతంగా ఒక లైన్ కూడా కలపలేదు వాళ్లు.

అక్కడ తగ్గింది ఇంకో చోట వచ్చింది. 27వ సూరా నమ్ల్‌లో, 30వ ఆయతులో (వాక్యంలో), కథ మధ్యలో బిస్మిల్లా పూర్తిగా ఉంది, సులేమాన్ ప్రవక్త షేబా రాణికి పంపిన ఉత్తరంలో. హుద్‌హుద్ పిట్ట ఆ ఉత్తరం తీసుకెళ్లి పడేస్తే రాణి తన దర్బారు వాళ్లని పిలిచి, నాకో గౌరవనీయమైన ఉత్తరం వచ్చింది, సులేమాన్ దగ్గర్నుంచి, అందులో బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్ అని ఉంది అంటూ చదివి వినిపిస్తుంది. అట్లా లెక్క మళ్లీ 114 అవుతుంది. 11వ సూరాలో నూహ్ ప్రవక్త ఓడ ఎక్కేవాళ్లతో దీని నడకా దీని ఆగడమూ అల్లాహ్ పేరుతోనే అంటాడు, బిస్మిల్లాహి మజ్రాహా వ ముర్సాహా అని, మన దగ్గర కొంతమంది బస్సులమీదా బోట్లమీదా రాసుకునేది అదే. ఇక మక్కా దగ్గర హిరా గుహలో ప్రవక్తకి వచ్చిన మొట్టమొదటి మాటలు "ఇఖ్రా బిస్మి రబ్బిక" కూడా చదువు, కానీ నీ ప్రభువు పేరుతో చదువు అనే. అంటే పేరుతో మొదలుపెట్టడం అన్నది మొదటి రోజునుంచే ఉంది.

మరి ఖురాన్‌లో మొట్టమొదటిదైన ఫాతిహా సూరాలో ఇది మొదటి ఆయతా కాదా? ఇదొక పాత చర్చ. మా ఇంట్లో రెండు ఖురాన్‌లు ఉన్నాయి, మా నాయన వాడిన పాతది, అట్ట ఊడిపోతే గుడ్డ అంటించి కుట్టినది, అందులో బిస్మిల్లాకి నంబరు లేదు, అల్‌హమ్దు లిల్లాహి రబ్బిల్ ఆలమీన్ పక్కన 1 అని ఉంటది. మా అత్తగారు ఉమ్రా (మక్కా యాత్ర) నుంచి తెచ్చిన సౌదీ ప్రింటులో బిస్మిల్లా పక్కనే 1. కానీ రెండింట్లోనూ ఆయతులు ఏడే, పాతదాంట్లో చివరి వాక్యాన్ని రెండు ముక్కలు చేసి లెక్క సరిచేశారు. మన ఆంధ్రా తెలంగాణల్లో ఎక్కువమంది హనఫీలం కాబట్టి ఇమాము బిస్మిల్లా లోపల్లోపల అనేసుకుని అల్‌హమ్దు నుంచి పైకి చదువుతాడు. హైదరాబాద్‌లో బార్కస్ అని ఉంది, చాంద్రాయణగుట్ట దాటాక, నిజాం సైన్యంలో పనికి యెమెన్ హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల సంతతి ఉండేది అక్కడే, వాళ్ల బ్యారక్సే నోట్లో నలిగి బార్కస్ అయింది, వాళ్లు షాఫయీలు, హనఫీ లాంటిదే ఇంకో సంప్రదాయం. అక్కడ ఒకసారి ఇషా (రాత్రి) నమాజుకి నిలబడితే ఇమాము గట్టిగా బిస్మిల్లాతో ఎత్తుకున్నాడు, నాకు ఒక్క క్షణం ఇదేంటి అనిపించింది, పక్కనోళ్లు మామూలుగా నిలబడున్నారు. మూడో సంప్రదాయం వాళ్లు, మాలికీలైతే ఫర్జు (తప్పనిసరి) నమాజులో అసలు అనరు. ఒకే వాక్యం, గట్టిగా, మెల్లగా, అసలు లేకుండా, మూడు పద్ధతులు, అయినా ఎవడి నమాజూ చెల్లదు అని ఎవరూ అనుకోరు, ఒకళ్ల వెనక ఒకళ్లు నిలబడతారు. ఈ సంగతి 786 మీద కొట్లాడుకునే మా బావకీ చిన్నాయనకీ చెప్పాలి.

హుదైబియా సంగతి చెప్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. 628లో మక్కా దగ్గర ఆ చోట ప్రవక్త (స), ఆయనతో యుద్ధాలు చేసిన మక్కా ఖురైష్ తెగవాళ్లూ ఒప్పందం రాసుకుంటున్నారు, రాసేది అలీ (ర). ప్రవక్త "బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్ అని రాయి" అంటే ఎదుటిపక్షం తరఫున వచ్చిన సుహైల్ బిన్ అమ్ర్ ఆపాడు, రహ్మాన్ అంటే ఎవరో నాకు తెలీదు, మన పాత పద్ధతిలో "బిస్మిక అల్లాహుమ్మ" (అల్లాహ్, నీ పేరుతో) అని రాయండి అన్నాడు. చుట్టూ ఉన్న ముస్లింలు ఒప్పుకోలేదు, బిస్మిల్లానే రాయాలని పట్టుబట్టారు. ప్రవక్త మాత్రం సుహైల్ మాటకే సరే అన్నారు, బిస్మిక అల్లాహుమ్మ అనే రాయమన్నారు. తర్వాత "అల్లాహ్ ప్రవక్త" అన్న మాట మీద కూడా సుహైల్ పేచీ పెడితే, అలీ నేను చెరపను అంటే, ప్రవక్తే స్వయంగా చెరిపి అబ్దుల్లా కొడుకు ముహమ్మద్ అని రాయించారు. బిస్మిల్లా నేర్పిన మనిషే శాంతి కోసం దాని పూర్తి పాఠాన్ని పక్కన పెట్టారు. కార్డు మీద అక్షరాల కోసం పెళ్లి ఆపేసేంత పని చేసేవాళ్లు ఇది చదవాలి.

నాకు మరీ ఇష్టమైన ఉదాహరణ మాత్రం మసీదులోనిది కాదు, ఒక గొర్రెల రసీదు. వియన్నాలో ఆస్ట్రియా నేషనల్ లైబ్రరీలో ఈజిప్టు నుంచి వచ్చిన ఒక పపైరస్ ఉంది, హిజ్రీ 22, అంటే క్రీ.శ. 643 నాటిది, తేదీ ఉన్న అరబిక్ రాతల్లో చాలా పాతది. ప్రవక్త పోయి అప్పటికి పదకొండేళ్లే. ఈజిప్టులోకి వచ్చిన ముస్లిం సైన్యం అక్కడి ఊరి అధికారుల దగ్గర తిండికోసం 65 గొర్రెలు తీసుకుంది, దానికి వాళ్ల సేనాని రాసిచ్చిన రసీదు ఇది. పైన గ్రీకులో, కింద అరబిక్‌లో, ఎందుకంటే ఇచ్చినవాళ్లకి గ్రీకు వచ్చు తీసుకున్నవాళ్లకి అరబిక్ వచ్చు. అరబిక్ భాగం మొదటి లైనే బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్. గ్రీకులో కూడా దేవుని పేరుతో అనే మొదలవుతుంది, అందులో 65 గొర్రెలు, అంతకు మించి లేవు అని గట్టిగా మళ్లీ రాశారు. గెలిచిన సైన్యం, కత్తి వాళ్ల చేతిలోనే ఉంది, ఊరికే తోలుకుపోయినా అడిగేవాడు లేడు, అయినా బిస్మిల్లా అని రాసి కింద లెక్క రాసిచ్చారు. పైన ఆ పేరు రాశాక కింద దొంగ లెక్క రాయలేవు కదా. తర్వాత హిజ్రీ 77లో ఖలీఫా అబ్దుల్ మలిక్ బొమ్మలు తీసేసి అచ్చంగా రాతలతో కొత్త బంగారు దీనారు వేయించినప్పుడు కూడా దాని చుట్టూ "బిస్మిల్లా, ఈ దీనారు ఫలానా ఏడాది ముద్రించబడింది" అని కొట్టించాడు. రసీదు మీద, నాణెం మీద, అంటే డబ్బు చేతులు మారే చోట.

మా జేజి చదువుకోలేదు, అరబిక్ సంగతి అటుంచి తెలుగు సంతకం కూడా రాదు, మేం నూర్‌బాషాలం, ఇంట్లో మాట్లాడేది తెలుగే, ఉర్దూ ఆమెకి పెళ్లిళ్లలో వినపడే భాష. మా వైపు కళ్లంలో వడ్లు కొలిచేటప్పుడు మొదటి కొలతకి ఒకటి అనరు, లాభం అంటారు, లాభం, రెండు, మూడు అని లెక్కపెడతారు, మీ ఊళ్లల్లో కూడా ఉండే ఉంటది. జేజి ఇంట్లో బియ్యం కొలిచేటప్పుడు బిస్మిల్లా, రెండు, మూడు అనేది. సోల నిండా పోసి, పైన అరచేత్తో రాసి చదును చేసి, చదును చేసేటప్పుడు పడిన నాలుగు గింజలు కూడా ఏరి మళ్లీ డబ్బాలో వేసేది. పక్కింటి వాళ్లకి బదులిచ్చేటప్పుడు మాత్రం సోల మీద గోపురంలా పోసేది, చదును చేసేది కాదు. అదేంది జేజీ మనకైతే కోత పెట్టి వాళ్లకి పోగుచేస్తావు అంటే "ఒకటికి బదులు ఏమన్నానో ఇనపడలేదంట్రా" అనేది. ఆమె ఏ తఫ్సీరూ చదవలేదు.

ఇంట్లో ఈ మాట వినపడని చోటు లేదసలు. తినేముందు అనడం అందరికీ తెలుసు, ప్రవక్త ఇంట్లో పెరిగిన ఉమర్ బిన్ అబీ సలమా అనే పిల్లాడు పళ్లెంలో చెయ్యి అటూ ఇటూ తిప్పుతుంటే "బాబూ, బిస్మిల్లా అను, కుడిచేత్తో తిను, నీ ముందున్నది తిను" అన్నారని బుఖారీ, ముస్లిం అనే రెండు హదీసు గ్రంథాల్లోనూ (ప్రవక్త మాటల, చేతల సంకలనాలు) ఉంది. ఆ మూడింట్లో చివరిది మా ఇంట్లో బిర్యానీ పళ్లెం చుట్టూ కూర్చున్నప్పుడు అందరూ మర్చిపోతారు, ముక్క ఎటుంటే చెయ్యి అటే. తినేటప్పుడు మొదట్లో మర్చిపోతే మధ్యలో గుర్తొచ్చినప్పుడు "బిస్మిల్లాహి అవ్వలహూ వ ఆఖిరహూ" అనాలి, మొదటికీ చివరికీ కలిపి అని. రాత్రి తలుపు గడియ వేస్తూ, గిన్నెల మీద మూత పెడుతూ, దీపం ఆర్పుతూ కూడా అల్లాహ్ పేరు తీసుకోమని హదీసు ఉంది. ఒకటి మాత్రం అందరూ చెప్పేది, బిస్మిల్లా లేకుండా మొదలెట్టిన ఏ ముఖ్యమైన పనైనా మొండిగానే మిగిలిపోతుంది అన్న హదీసు, దాని సనదు (ఒకరినుంచి ఒకరు విని చెప్పిన వాళ్ల వరస) బలహీనమని హదీసు పండితులు చాలామంది అంటారు, అయినా క్యాలెండర్ల మీద ఎక్కువ కనపడేది అదే. భయపెట్టే మాటకి గిరాకీ ఎక్కువ.

హైదరాబాదులో దీని పేరుతో ఏకంగా ఒక ఫంక్షనే ఉంది. మా వైపు ఊళ్లల్లో లేదు, మా ఆవిడ వాళ్లది పాతబస్తీ, మా పాపకి నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు రాగానే బిస్మిల్లా చెయ్యాలి అని వాళ్లమ్మ నెల ముందునుంచే మొదలుపెట్టింది. పిల్లకి చమ్కీ బట్టలు, మెళ్లో పూలదండ, ముందు పలక, హజ్రత్ గారు ఒక్కో మాట చెప్తుంటే పిల్ల తిరిగి చెప్పాలి, తర్వాత అందరికీ లడ్డూలు, ఆ తర్వాత ఇక భోజనాలు, ఆ ఖర్చు గురించి అడగొద్దు. మనవాళ్ల అక్షరాభ్యాసంతో దీన్ని పక్కపక్కన పెట్టి చూస్తే చాలా దగ్గర, అక్కడ ఓం నమశ్శివాయ సిద్ధం నమః, ఇక్కడ బిస్మిల్లా. ప్రవక్త కాలంలో ఇట్లాంటి వేడుక లేదు, ఈ నాలుగు నాలుగు నాలుగు లెక్క మన ఉపఖండంలో పుట్టిందే, మొఘల్ ఇళ్లల్లో కూడా చదువు మొదలెట్టడం ఇలాగే పెద్ద తతంగం. 1547లో అక్బర్‌కి చదువు మొదలెట్టించడానికి హుమాయూన్ జ్యోతిష్యం చూసి మరీ ముహూర్తం పెట్టిస్తే, సరిగ్గా ఆ టైముకి పిల్లాడు ఆటలకి పారిపోయి ఎక్కడా దొరకలేదట, అక్బర్ చరిత్ర రాసిన అబుల్ ఫజల్ రాసిపెట్టాడు. మా పాప పారిపోలేదు కానీ "బిస్మిల్లాహి" వరకు చెప్పి, హజ్రత్ గారు మిగతాది అంటుంటే "లడ్డూ ఎప్పుడు" అంది. అందరూ నవ్వారు, హజ్రత్ గారు కూడా. పేరు విషయానికొస్తే షెహనాయి బిస్మిల్లా ఖాన్ అసలు పేరు ఖమరుద్దీన్, 1916లో బీహార్ డుమ్రావ్‌లో పుట్టినప్పుడు తాత చూసి బిస్మిల్లా అన్నాడట, అదే పేరుగా నిలిచిపోయింది.

ఇప్పుడు అసలైన చోటుకి వద్దాం, కోత దగ్గరికి. కోడినో మేకనో జబహ్ చేసేటప్పుడు, అంటే హలాల్ పద్ధతిలో కోసేటప్పుడు అనేది పూర్తి బిస్మిల్లా కాదు, "బిస్మిల్లాహి అల్లాహు అక్బర్" అంతే. రహ్మాన్ రహీమ్ అక్కడ అనరు, ఒక ప్రాణం తీస్తూ నోటితో కరుణ అనడం అతకదని పెద్దవాళ్లు చెప్తారు. నాకు ఇందులో చాలా నిజాయితీ కనిపిస్తుంది, చంపుతున్నా అని ఒప్పుకుని, ఈ ప్రాణం నాది కాదు, ఇచ్చినవాడి పేరుమీద, ఆయన అనుమతితో, తిండికోసమే తీస్తున్నా అని చెప్పడం. అల్లాహ్ పేరు తీసుకోనిది తినొద్దని ఆరో సూరాలో ఉంది. హనఫీ ప్రకారం తెలిసి తెలిసి అనకపోతే ఆ మాంసం హలాల్ కాదు, మర్చిపోతే పర్లేదు. షాఫయీల దగ్గర అనడం సున్నత్, అంటే చేస్తే మంచిదే గానీ తప్పనిసరి కాదు, అనకపోయినా కోసినవాడు ముస్లిం అయితే చెల్లుతుంది. పెద్ద పెద్ద మెషిన్ల కోత వచ్చాక గంటకి వేల కోళ్లు పోతుంటే టేపు రికార్డరులో బిస్మిల్లా పెడితే సరిపోతుందా అనే ప్రశ్న కూడా వచ్చింది, రికార్డింగు ఏమీ సంకల్పం చేసుకోదు కాబట్టి కుదరదనే ఎక్కువమంది ముఫ్తీలు (ఫత్వాలిచ్చే పండితులు) చెప్పారు. మనిషి నాలుకతోనే, ఆ కోత కోసమే, అప్పుడే అనాలి.

మెషిన్ల దాకా ఎందుకు, మా కాలనీ దగ్గర చికెన్ సెంటర్‌లో ఆదివారం పూట చూడాలి. బయట హలాల్ అని పచ్చ బోర్డు, పక్కన 786 కూడా ఉంది లెండి. లోపల కుర్రాడు చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని ఎవరితోనో క్రికెట్ మాట్లాడుతూ ఒక చేత్తో కోడి తీసి సర్రున కోసి డ్రమ్ములో పడేస్తున్నాడు, ఇంకోటి తీస్తున్నాడు, డ్రమ్ములో రెక్కల చప్పుడు ఆగకముందే ఇంకోటి. నేను లైన్లో నిలబడి వాడి పెదాలే చూస్తున్నా. కోహ్లీ పేరు రెండుసార్లు వినపడింది, అల్లాహ్ పేరు ఒక్కసారి కూడా వినపడలేదు. నా వంతు వచ్చాక అడిగేశా, "తమ్ముడూ, బిస్మిల్లా అంటున్నావా?" అని. వాడు ఫోను చెవినుంచి తీయకుండానే నవ్వి "పొద్దున షట్టర్ తీసేటప్పుడే అందరికీ కలిపి అనేశా అన్నా" అన్నాడు. లైన్లో వెనకున్నాయన, తిలకం పెట్టుకున్నాయన, "అదేందిరా, ఒక్కోదానికి అనాల కదా, మా చిన్నప్పుడు ఊళ్లో ముల్లా సాబు ఒక్కో కోడికి ఆగి అనేటోడు" అన్నాడు. కుర్రాడికి కోపం వచ్చింది, కావాలంటే తీసుకోండి లేకపోతే పక్కకి జరగండి అన్నాడు.

నేను పక్కకి జరిగి, రోడ్డు అవతల చేపల బండి దగ్గర కిలోన్నర బొచ్చె తీసుకుని ఇంటికొచ్చా. చేపకి జబహ్ అక్కర్లేదు.